వేరుశనగ పడని పిల్లలతో విహారయాత్ర: బయలుదేరే ముందు నుంచి ఇల్లు చేరేదాకా

ఇడ్లీతో వచ్చే చట్నీలో, పులిహోర పోపులో, గుత్తివంకాయ కూరలో, బిర్యానీ పక్కన పోసే సాలన్‌లో, కారప్పొడిలో, పిల్లలు చూడగానే చెయ్యి చాపే పల్లీపట్టీలో వేరుశనగ లేకుండా మన వంట సాగదు. ఇంట్లో ఉన్నంతకాలం తల్లిదండ్రులు దాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వకుండా చూసుకోగలరు. సెలవులు వచ్చి ఊరు దాటేసరికి ఆ అదుపు చేజారుతుంది. అందుకే తీవ్రమైన ఎలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ప్రయాణాలే మానుకుంటారు.

మానుకోనక్కరలేదని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని తిరిగిన అనుభవంతో గట్టిగా చెబుతాను. రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకూడదు. ఎలా వండారో మనకు తెలియనిది బిడ్డ నోట్లో పడకూడదు. తీవ్రమైన ఎలర్జీలో ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికి అందేంత దూరంలో ఉండాలి, అవసరం పడిన క్షణాన తటపటాయించకుండా ఇచ్చే మనిషి పక్కనే ఉండాలి. ఇక్కడ రాసేది వేరుశనగ గురించే అయినా పాలు, గుడ్డు, జీడిపప్పు, నువ్వులు, రొయ్యలు పడని పిల్లలకు కూడా పద్ధతి ఇదే.

నెల ముందు: డాక్టరు దగ్గర తేల్చుకోవలసినవి

టికెట్లు కొనకముందే పిల్లల డాక్టరును లేదా ఎలర్జీ నిపుణుణ్ని కలవండి. ఏ లక్షణం కనిపిస్తే ఏ మందు, ఎంత, ఎలా ఇవ్వాలో ఒకే ఒక్క కాగితం మీద రాయించుకోండి. దాని మీద బిడ్డ బరువు ఉండాలి. ఏడాది కిందటి బరువుతో రాసిన మోతాదు ఎదిగే పిల్లలకు పనికిరాదు. ఆస్తమా కూడా ఉంటే అది పూర్తిగా అదుపులో ఉందని నిర్ధారించుకున్నాకే బయలుదేరండి. ఆస్తమా అదుపులో లేని పిల్లల్లో ఎలర్జీ ప్రాణం మీదికి తెచ్చే ముప్పు పెరుగుతుంది.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువారికి పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్ (మోతాదు ముందే నింపి ఉన్న అడ్రినలిన్ ఇంజెక్షన్) సుపరిచితం. మన మందుల దుకాణాల్లో అది సులభంగా దొరకదు. అందువల్ల ఇక్కడ చాలా కుటుంబాలు డాక్టరు చీటీతో అడ్రినలిన్ ఆంప్యూల్ (మందు నింపిన చిన్న గాజు సీసా), సిరంజి కొని దగ్గర పెట్టుకుంటాయి. 1 మి.లీ. ఆంప్యూల్‌లో 1 మి.గ్రా. మందు ఉంటుంది. బిడ్డ బరువు కిలోకు 0.01 మి.గ్రా. చొప్పున ఇస్తారు. అంటే 15 కిలోల బిడ్డకు 0.15 మి.లీ., 20 కిలోల బిడ్డకు 0.2 మి.లీ. పిల్లలకు సాధారణంగా ఒక విడతకు 0.3 మి.లీ. దాటరు. ఈ లెక్కను మీ బిడ్డకు వర్తింపజేసి రాసివ్వాల్సింది మాత్రం డాక్టరే.

ఇక్కడ సిరంజి గురించి ఒక హెచ్చరిక. కావలసింది మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజి, దానికి కండరం దాకా చేరే అంగుళం పొడవు సూది. ఇంట్లో తాతగారి ఇన్సులిన్ సిరంజి ఉంది కదా అని దాన్ని సంచిలో పెట్టకండి. దాని మీద ఉండేవి యూనిట్ల గీతలు, కంగారులో మోతాదు తారుమారవుతుంది. పైగా సూది పొట్టిది, మందు చర్మం కిందే ఆగిపోతుంది. సరైన సిరంజి మీద మీ బిడ్డ మోతాదు గీత దగ్గర శాశ్వతంగా నిలిచే సిరాతో గుర్తు పెట్టించుకోండి. ఆంప్యూల్ మెడను దూదితో పట్టుకుని విరవడం, మందు లాగడం, బుడగలు పోగొట్టడం నర్సు ఎదురుగా చేసి చూపించి సరిదిద్దించుకోండి. గడువు తీరిన ఆంప్యూల్ ఉంటే ఇంటి దగ్గర నారింజ పండు మీద సాధన చేయవచ్చు. అమ్మ ఒక్కతే నేర్చుకుంటే చాలదు. నాన్న, వెంట వచ్చే పిన్ని, బాబాయి కూడా చేసి చూడాలి. కొందరు డాక్టర్లు మోతాదు నింపిన సిరంజిని ఇస్తారు. అలాంటప్పుడు అది ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో, ఎప్పుడు మార్చాలో వారి చేతే రాయించుకోండి.

విదేశాల నుంచి సెలవులకు వచ్చేవారు ఆటో ఇంజెక్టర్లను అక్కడే సరిపడా తెచ్చుకోవడం మేలు. ఇక్కడ దొరుకుతుందిలే అన్న ధీమా వద్దు.

ఎక్కడికి వెళ్లాలి: ఆసుపత్రి దూరం చూసి తేల్చండి

చోటు అందంగా ఉందా అని చూడటానికి ముందు, అక్కడి నుంచి ఆక్సిజను, అడ్రినలిన్, రాత్రిపూట డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరమో చూడండి. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డే, మలుపుల్లో ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. ఇవి వెళ్లకూడని చోట్లని నా ఉద్దేశం కాదు. ఇలాంటి చోటికి వెళ్తే ఆహారం మొత్తం మనదే ఉండాలి, ఇంజెక్షన్లు మామూలు కంటే ఎక్కువ ఉండాలి, కొత్త రుచులేవీ అక్కడ మొదలుపెట్టకూడదు. బసకు ఫోన్ చేసినప్పుడే దగ్గరి ఆసుపత్రి పేరు, నంబరు అడిగి, ఆ ఆసుపత్రికి కూడా ఒకసారి ఫోన్ చేసి చూసుకోండి.

బస విషయంలో నా ఓటు వంటగది ఉన్న గదికే. నక్షత్రాల హోటలు కంటే గ్యాసు పొయ్యి ఉన్న సాధారణ గది మన పిల్లలకు వెయ్యి రెట్లు సుఖం.

సంచి

ఒకే సంచి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగుది. అందులో కనీసం రెండు విడతలకు సరిపడే అడ్రినలిన్ (ఆంప్యూల్ మెడ విరిచేటప్పుడు పగిలిపోవచ్చు కాబట్టి ఇంకో రెండు అదనంగా), సిరంజులు, దూది, డాక్టరు కాగితం, చీటీ నకలు, ఆస్తమా ఉంటే ఇన్‌హేలరు, దురదకు రాసిచ్చిన మందు ఉండాలి. మరేదీ పెట్టకండి. బిస్కట్లు, బొమ్మలు, తడి తువ్వాళ్లు చేరితే ఆ క్షణంలో వెతుక్కోవాల్సి వస్తుంది.

అడ్రినలిన్ వెలుతురుకు, వేడికి పాడవుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో ఒక్క గంట వదిలేసినా దాన్ని నమ్మలేం. మంచుగడ్డకు ఆనించినా, గడ్డకట్టినా పనికిరాదు. వేడిని ఆపే చిన్న సంచిలో, పెట్టెతో సహా పెట్టి, మీతోపాటే దించుకోండి. మందు రంగు మారినా, నలకలు కనిపించినా పక్కన పడేసి కొత్తది కొనండి.

ఉమ్మడిగా పది మంది వెళ్లే ప్రయాణాల్లో ప్రమాదం మరో దారిలో వస్తుంది. సంచి వదిన దగ్గర ఉందనుకుంటారు నాన్న, అన్నయ్య దగ్గర ఉందనుకుంటుంది వదిన. కాబట్టి బిడ్డ ఎవరితో ఉంటే సంచి వారి భుజానికే ఉండాలి. చేతులు మారినప్పుడల్లా నోరు విప్పి చెప్పండి: "సంచి ఇప్పుడు నీ దగ్గర ఉంది, బాబు నీతో ఉన్నాడు." ఎదుటివారు "సరే" అన్నాకే కదలండి.

దారి భోజనం

మొదటి రోజు తిండి మొత్తం ఇంటి నుంచే. చపాతీలు, నిమ్మకాయ పులిహోర (పల్లీలు లేకుండా, ఇంట్లో పోపు పెట్టింది), పెరుగన్నం, వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, అరటిపండ్లు, బత్తాయిలు. బసలో వంటకు బియ్యం, కందిపప్పు, చింతపండు, మన నూనె, మన గిన్నె, మన గరిటె, మన మిక్సీ జారు. బసలోని మిక్సీ జారును వాడకండి. దాని బ్లేడు కింద ఇరుక్కున్న పల్లీ ముద్దను ఎంత కడిగినా నమ్మలేం. గానుగ నూనె వాడే ఇళ్లలో, హోటళ్లలో మరీ జాగ్రత్త. శుద్ధి చేయని వేరుశనగ నూనెలో గింజలోని మాంసకృత్తులు మిగిలే ఉంటాయి.

ప్యాకెట్ ఆహారం కొంటే ప్రతిసారీ వెనక చదవండి, పోయిన నెల కొన్న అదే బిస్కటైనా సరే. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం మన దేశంలో ప్యాకెట్ మీద వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, సల్ఫైటు ఉన్న సంగతి చెప్పాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు. నువ్వులు పడని పిల్లల తల్లిదండ్రులు పదార్థాల జాబితా మొత్తం చదవక తప్పదు. "ఉండవచ్చు" అని రాసి ఉన్న ప్యాకెట్‌ను ఉన్నట్టుగానే లెక్కించి వదిలేయండి. పెద్ద గొలుసు రెస్టారెంట్లు ఎలర్జీ కారకాల సమాచారం ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది, అడిగి తీసుకోండి. రోడ్డు పక్క టిఫిను బండికి అలాంటి బాధ్యత లేదు.

హోటల్లో అడగాల్సిన తీరు

"ఇందులో పల్లీలు లేవు కదా?" అని అడిగితే నూటికి తొంభై మంది "లేవండి" అంటారు. ఆ ప్రశ్నలోనే మనకు కావలసిన జవాబు ఉంది, వారు మర్యాదకు అదే చెబుతారు. ఏమేమి వేస్తారో వారినే చెప్పనివ్వండి. టిఫిను సెంటరులో జరిగే సంభాషణ ఇలా ఉంటుంది:

"అన్నా, ఈ కొబ్బరి చట్నీలో ఏమేమి వేస్తారు?"

"కొబ్బరి, పచ్చిమిర్చి, పుట్నాలు, అల్లం."

"చిక్కదనానికి ఇంకేమైనా వేస్తారా?"

"కొబ్బరి తక్కువైతే గుప్పెడు పల్లీలు వేస్తామమ్మా. రుచి బాగుంటుంది."

మొదటి జవాబుతో ఆగి ఉంటే ఆ బిడ్డ పని ఏమయ్యేదో ఊహించుకోండి. రెండో ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి. తర్వాత గరిటె గురించి అడగండి. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ పక్కపక్క గిన్నెల్లో ఉంటాయి, రద్దీలో ఒకే గరిటె రెండింట్లో మునుగుతుంది. దోసె పెనం మీద కారప్పొడి ఏది చల్లుతారు? గారెలు కాచే నూనెలో మసాలా పల్లీలు వేయిస్తారా? వీటిని సర్వరును కాదు, వంటమనిషిని అడగాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు కాదు, పదకొండుకో మూడింటికో వెళ్లి అడగాలి. పొయ్యి ముందు నలభై దోసెలు వరుసలో ఉన్న మనిషి దగ్గర ఓపిక ఆశించలేం. జవాబులో ఏ మాత్రం సందేహం వినిపించినా నవ్వుతూ నమస్కారం పెట్టి లేవండి. పెద్దవాళ్లు తినండి, బిడ్డకు డబ్బాలోది పెట్టండి.

"ఎలర్జీ" అంటే చాలామందికి ఒంటి మీద దురద మాత్రమే గుర్తొస్తుంది. "ఒక్క పలుకు తిన్నా ఊపిరి ఆడదు, ప్రాణం పోతుంది" అని చెప్పండి. అది అతిశయోక్తి కాదు. ఈ మాటనే చిన్న కార్డు మీద రాసి ఇవ్వండి: "ఈ బిడ్డకు వేరుశనగ (పల్లీలు, శనక్కాయలు, బుడ్డలు) తగిలితే ప్రాణాపాయం. పల్లీలు, పల్లీ పొడి, పల్లీ నూనె, వాటిని తాకిన గరిటె, గిన్నె, మిక్సీ ఏదీ వాడకండి. అనుమానం ఉంటే పెట్టవద్దు." ఏ ప్రాంతానికి వెళ్తే ఆ భాషలో ఆ ఊరి మనిషి చేత రాయించుకోవాలి.

షిర్డీ వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. మహారాష్ట్రలో సాబూదానా ఖిచిడీలో, వడల్లో, ఎన్నో కూరల్లో వేయించిన పల్లీల పొడి వేస్తారు. ఉపవాసం రోజు తేలిక ఆహారం కదా అని పిల్లలకు పెట్టేది సాబూదానాయే. అక్కడ వాటిని శేంగ్‌దాణే అంటారు, హిందీలో మూంగ్‌ఫలీ. తమిళనాడులో కడలై అన్న ఒక్క మాట శనగలకూ వేరుశనగకూ వాడుకలో ఉంది. కాబట్టి వేర్‌కడలై అని స్పష్టంగా అడగాలి. ఒడిశాలో చినాబాదాం.

బస్సు, రైలు, విమానం

ఆర్టీసీ బస్సు సీటు కింద శనక్కాయ తొక్కలు కనిపించని ప్రయాణం ఉండదు. కంగారు పడకండి. వాసన పీల్చినందుకో, చర్మానికి తగిలినందుకో ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. మామూలుగా జరిగేది అంటిన చోట దద్దుర్లు. అసలు ప్రమాదం ఆ చెయ్యి నోట్లోకి వెళ్లినప్పుడు. సీటు, చేతి ఆన్పు, ముందున్న బల్ల తడి తువ్వాలుతో తుడవండి, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. శానిటైజరు క్రిములను చంపుతుంది కానీ వేరుశనగ మాంసకృత్తులను తొలగించదు. ఈ ఒక్క సంగతి తెలియక జాగ్రత్తపరులైన తల్లిదండ్రులు కూడా పొరబడతారు.

రైల్లో ఫోను ఛార్జింగు ప్లగ్గుకు కెటిల్ పెట్టడం నిషిద్ధం, కాబట్టి వేడిగా వండుకోవచ్చన్న ఆశతో ఎక్కకండి. పక్క సీటువారికి ఎక్కగానే విషయం చెప్పండి. మనవాళ్లు పిల్లల్ని చూస్తే ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా ఉండలేరు, అది ప్రేమే. అత్యవసరానికి రైల్వే నంబరు 139. విమానంలో మందుల సంచి చేతి సామానులోనే ఉండాలి, సూదుల కోసం డాక్టరు ఉత్తరం పైనే పెట్టుకోండి.

గుడి, చుట్టాలు

తిరుమల దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్లు ముందే అప్పగించాలి. అంటే కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ ఫోను లేకుండా ఉంటారు, అక్కడే పాలు, అన్నప్రసాదం పంచుతారు. మందుల సంచి, డాక్టరు ఉత్తరం ఒంటి మీదే ఉండాలి. వరుసలోకి వెళ్లే ముందే అక్కడి సిబ్బందికి బిడ్డ సంగతి చెప్పండి. కొండ మీద అశ్విని ఆసుపత్రి, కింద తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. లడ్డూలో శనగపిండి, నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులు, కలకండ ఉంటాయి. పాలు, జీడిపప్పు పడని పిల్లలకు అది కుదరదు. ఏ గుడి పులిహోరైనా పల్లీల మీద అనుమానంతోనే చూడండి. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వడంలో అపచారం లేదు. బిడ్డకు కూడా అలా చేయడం నేర్పితే ఎవరి మనసూ నొచ్చుకోదు.

చుట్టాల ఇంట్లో పని ఇంకా కష్టం. "కొంచెం తింటే ఏమవుతుంది, అలవాటైతే పోతుంది" అనే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాదించకండి. డాక్టరు కాగితం చూపించి, "అత్తయ్యా, మీ చేతి వంట మాకందరికీ పెట్టండి, పాపకు మాత్రం నేనే పెడతాను" అనండి. పాపకు కూడా ఒక మాట నేర్పండి: "అమ్మను అడిగి తింటాను." నాలుగేళ్ల పిల్లలు కూడా ఈ మాట గుర్తుంచుకుంటారు.

ఏదైనా జరిగితే

పెదవులు, కళ్లు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వరుస వాంతులు, కడుపునొప్పి, ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, మింగలేకపోవడం, పాలిపోవడం, ఉన్నట్టుండి మత్తుగా వాలిపోవడం, ఇవన్నీ సూచనలు. ఊపిరిలో ఏ తేడా కనిపించినా, సోలిపోతున్నట్టున్నా, లేదా వాంతులూ దద్దుర్లూ కలిసి వచ్చినట్టు రెండు రకాల లక్షణాలు కనిపించినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన ఎలర్జీ. దద్దుర్లు లేకుండా కూడా వస్తుంది. "ఒంటి మీద ఏమీ లేదు కదా" అని ఆగకండి.

మొదట అడ్రినలిన్. తొడ బయటి వైపు మధ్యలో, కండరంలోకి. బట్టల మీద నుంచైనా సరే. ఆ తర్వాతే 108కి గానీ 112కి గానీ ఫోను. సంచి తీసేలోగా మరొకరు ఫోను చేస్తుంటే మంచిదే, కానీ ఒక్కరే ఉంటే ముందు ఇంజెక్షన్. అనవసరంగా ఇచ్చేస్తానేమో అని భయం వద్దు. సరైన మోతాదులో ఇస్తే కాసేపు గుండెదడ, వణుకు, ముఖం పాలిపోవడం వస్తాయి, తగ్గిపోతాయి. ఆలస్యం చేస్తేనే ప్రాణాలు పోతాయి. దురద మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు. అది దురద తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతును తెరవదు.

బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. వాంతులవుతుంటే పక్కకు తిప్పండి. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే కాళ్లు చాపి కూర్చోనివ్వండి. నిలబెట్టకండి, నడిపించకండి, ఎత్తి భుజాన వేసుకోకండి. మన ఊళ్లలో కంగారులో మొదట జరిగేది బిడ్డను బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తడం. రక్తపోటు పడిపోయిన స్థితిలో నిటారుగా ఉంచితే గుండె ఆగిపోవచ్చు. కారు ఉంటే వెనక సీటులో పడుకోబెట్టే తీసుకెళ్లండి. ఘాట్ రోడ్డు మీద ఉంటే ఎదురొచ్చే అంబులెన్సును ఎక్కడ కలవాలో 108 వారినే అడగండి.

5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండో విడత. మొదటిది ఇచ్చిన సమయాన్ని బిడ్డ చేతి మీదే పెన్నుతో రాయండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. చిన్న క్లినిక్కుకు చేరితే దురద ఇంజెక్షన్, స్టెరాయిడ్ మాత్రమే ఇచ్చి పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. వినయంగానే, కానీ గట్టిగా చెప్పండి: "ఇది అనాఫిలాక్సిస్. వేరుశనగ ఎలర్జీ. ఇంత బరువు. ఇన్ని గంటలకు తొడకు ఇంత అడ్రినలిన్ ఇచ్చాం." డాక్టరు కాగితం చేతిలో పెట్టండి.

బిడ్డ లేచి కూర్చుని నవ్వినా వెంటనే బసకు వెళ్లకండి. లక్షణాలు కొన్ని గంటల తర్వాత, మళ్లీ ఏమీ తినకపోయినా, తిరిగి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కనీసం 4 నుంచి 6 గంటలు, తీవ్రంగా వచ్చి ఉంటే రాత్రంతా ఉంచుతారు. ఆ రోజు అడవి దారి, కొండ దారి ప్రయాణం పెట్టుకోవద్దు.

తిరిగి వచ్చాక

వాడిన ఇంజెక్షన్ల స్థానంలో కొత్తవి అదే వారం కొనండి. ఎండ తగిలిందని అనుమానం ఉన్నవాటిని, గడువు దగ్గరపడినవాటిని తీసేసి కొత్తవి పెట్టండి. ఏ ఊళ్లో ఏ వంటమనిషి ఓపికగా వివరం చెప్పారో, ఏ బసలో వంటగది బాగుందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. బిడ్డను కూడా కూర్చోబెట్టి ఎక్కడ భయమేసిందో, ఎవరు ఏం పెట్టబోయారో అడగండి. పెద్దల కంట పడని కొన్ని సంగతులు అప్పుడే బయటకు వస్తాయి. వాటిని డాక్టరు కాగితం వెనక రాసి, ఆ కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టేయండి.